పడనిదాన్నే నాలుక కింద పెట్టి

నేను గవర్నమెంటు ఆసుపత్రుల్లో ముప్పై రెండేళ్లు నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని. ఇప్పుడు గుంటూరు జిల్లాలోని మా స్వగ్రామంలోనే ఉంటున్నాను. నా కుమార్తె కుటుంబం 2015 నుండి ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో ఉంటోంది. అక్కడ నా మనవడికి గడ్డి పుప్పొడి పడక, మూడేళ్లపాటు ఒక వైద్యం జరిగింది. ఈ సంగతి చెబితే మా ఊళ్లో "గడ్డి పడకపోవడమేమిటమ్మా, గేదెకు పడుతోందిగా!" అని నవ్వుతారు. నవ్విన వాళ్లే కాసేపటికి పక్కకు పిలిచి, "మా చిన్నోడికి తెల్లవారుజామున పిల్లికూతలొస్తాయి, ఆ మందు ఇక్కడ దొరుకుతుందా?" అని అడుగుతారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా వ్రాయడమే మేలనిపించింది.

పుప్పొడి అంటే రైతు ఇళ్లలో వేరే చెప్పనక్కరలేదు. వరి ఈనిన తర్వాత, జొన్న కంకి వేసిన తర్వాత రాలే సుంకు ఉంటుంది కదా, అదే. వరి, జొన్న, మొక్కజొన్న, చెరకు, గరిక, వెదురు అన్నీ గడ్డి కుటుంబంలోనివే. ఈ కుటుంబంలోని పూలకు రంగు లేదు, తేనె లేదు. ఎక్కువ భాగం గాలినే నమ్ముకొని బతుకుతాయి. గాలి ఎటు తీసికొనిపోతుందో తెలియదు గనుక లెక్కలేనంత పొడిని వదులుతాయి. కుప్ప నూర్చేటప్పుడు ఒంటికి పట్టే దురద వేరు, అది నూగు వలన, దుమ్ము వలన. అలాగే మన చేలగట్ల మీద పెరిగే వయ్యారిభామను కాంగ్రెసు గడ్డి అంటాం గాని అది గడ్డి కాదు, చేమంతి కుటుంబంలోని మొక్క. దాని పుప్పొడి కూడ చాలామందికి పడదు, అయితే అది వేరే కథ.

మెల్బోర్న్‌కు ఉత్తరాన, పడమట మైళ్లకొద్దీ పచ్చిక బయళ్లున్నాయి. గొర్రెలకు, పశువులకు మేతగా రై గడ్డి వేస్తారు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు అది పూస్తుంది, నవంబరులో మరీ ఎక్కువ. అటునుండి గాలి వీచిందంటే పొడి అంతా పట్నం మీదికే. మనకు ఎండ ఎన్ని డిగ్రీలో చెప్పినట్లు అక్కడ ఘనపు మీటరు గాలిలో పుప్పొడి రేణువులెన్నో రోజూ చెబుతారు. 50 దాటితే ఎక్కువ అని, 100 దాటితే విపరీతమని లెక్క.

మా మనవడు రెండేళ్ల వయసులో ఆ దేశం వెళ్లాడు. మొదటి మూడేళ్లు వాడికేమీ లేదు. 2018 నవంబరులో కళ్లు నలుపుకోవడం మొదలైంది. ఆ తర్వాత వరుసగా ఇరవై ముప్పై తుమ్ములు, ముక్కు దిబ్బడ, రాత్రి నిద్ర లేకపోవడం. అక్కడ మన తెలుగు కుటుంబాల్లో ఇది చాలా ఇళ్లలో ఉంది. వెళ్లిన కొత్తలో బాగానే ఉండి, కొన్ని వసంతాలు గడిచాక పట్టుకుంటుంది. కారణం తెలిస్తే వింతేమీ కాదు. ఎలర్జీ పుట్టుకతో తయారుగా వచ్చేది కాదు, బిడ్డ శరీరం ఆ పొడిని పదేపదే చూసి, దాన్ని శత్రువుగా పొరపాటున నేర్చుకుంటుంది. నేర్చుకోవడానికి కొంతకాలం పడుతుంది.

2021లో వాడికి పిల్లికూతలు మొదలయ్యాయి. మా అమ్మాయి అప్పుడు నిజంగా భయపడింది. ఆ భయానికి కారణం 2016 నవంబరు 21. ఆ సాయంత్రం మెల్బోర్న్ మీదుగా ఒక ఉరుముల గాలివాన పోయింది. అంతకుముందు పగలంతా ఎండ కాసింది, గాలి నిండా రై గడ్డి పుప్పొడి ఉంది. మామూలుగా పుప్పొడి రేణువు ముక్కులోనే ఆగిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి దిగేంత చిన్నది కాదు. కాని తడి తగిలితే ఒక్కొక్క రేణువు పగిలి సుమారు 700 అతిచిన్న పిండి రవ్వలుగా విడిపోతుందని మెల్బోర్న్ శాస్త్రజ్ఞులు 1992లోనే కనుగొన్నారు. ఆ రవ్వలు తిన్నగా ఛాతీలోకి పోతాయి. ఆ గాలివాన తర్వాత ముప్పై గంటల్లో, మామూలుగా వచ్చేవారు కాక మూడువేల మందికి పైగా ఊపిరాడక ఆసుపత్రులకు చేరారు. పదిమంది చనిపోయారు. ఆ రాత్రి ఇబ్బంది పడ్డవారిలో మన భారతదేశం నుండి, చుట్టుపక్కల దేశాల నుండి వెళ్లి స్థిరపడినవారు జనాభాలో వారి పాలుకు మించి ఉన్నారు. ఎన్నడూ ఉబ్బసం లేనివారు, ఒట్టి తుమ్ములే అనుకున్నవారు కూడ ఉన్నారు. మా అమ్మాయి వాళ్లకేమీ కాలేదు గాని, తెల్లవార్లూ అంబులెన్సుల కూత వింటూ కూర్చున్నదట. ఆ మరుసటి ఏడు నుండి అక్కడి ప్రభుత్వం అటువంటి గాలివానలకు ముందుగా హెచ్చరికలిచ్చే ఏర్పాటు చేసింది.

2022 జూన్‌లో నేను మెల్బోర్న్ వెళ్లాను. అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు. ఎలర్జీ డాక్టరు చేతి మీద చిన్న చిన్న గాట్లు పెట్టి పరీక్ష చేసి, రై గడ్డి పడదని తేల్చాడు. ముందు ఉబ్బసాన్ని అదుపులోకి తెచ్చే పీల్చే మందు ఇచ్చి, అది కుదుటపడిన తర్వాతే ఈ వైద్యం మొదలుపెట్టాడు. ఇది గట్టి నియమం. ఉబ్బసం అదుపులో లేని బిడ్డకు దీన్ని మొదలుపెట్టకూడదు.

వైద్యం చూడడానికి అతి చిన్నది. అయిదు రకాల గడ్డి పుప్పొడి సారంతో చేసిన మాత్ర. ఉదయమే నాలుక కింద పెట్టుకొని, కరిగేదాకా కదలకుండా ఉంచి, తర్వాత మింగాలి. మొదటిరోజు తక్కువ మోతాదు, మరునాడు దానికి రెట్టింపు, మూడవనాటి నుండి పూర్తి మోతాదు. గడ్డి పూయడానికి నాలుగు నెలల ముందు మొదలుపెట్టి, పూత అయిపోయేవరకు రోజూ వేయాలి. మళ్లీ మరుసటి ఏడు, ఆపై ఏడు కూడ. మొదటి మాత్ర డాక్టరు ఎదుటే వేయించి అరగంట కూర్చోబెట్టారు. "నాలుక కింద చీమలు పాకుతున్నాయి అమ్మమ్మా" అన్నాడు వాడు. చెవుల్లో కూడ దురద అన్నాడు. మూడు వారాల్లో ఆ చీమలు పోయాయి. మధ్యలో పాలపన్ను ఒకటి ఊడితే, నోట్లో పుండు మానేదాకా వారం రోజులు మాత్ర ఆపించారు.

ఒక ఉదయం మాత్ర చేతిలో పట్టుకొని, "నాకు పడనిదాన్నే నా నోట్లో ఎందుకు పెడుతున్నారు?" అని అడిగాడు. పిల్లవాడి నోట వచ్చినా, ఈ వైద్యంలో ఉన్న ప్రశ్నంతా అదే. నేను వాడికి చెప్పినట్లే ఇక్కడ చెబుతాను.

మన కళ్లల్లో, ముక్కులో, ఊపిరి గొట్టాల్లో మాస్ట్ కణాలని ఉంటాయి. హిస్టమిన్ మొదలైన ఘాటు పదార్థాలు కుక్కిన సంచుల్లాంటివి అవి. గడ్డిని శత్రువనుకున్న బిడ్డ శరీరం ఐజిఇ అనే యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి పోయి ఆ సంచుల మీద గాలాల్లాగా గుచ్చుకొని కాచుకొని ఉంటాయి. పుప్పొడి వచ్చి ఆ గాలాలకు చిక్కుకోగానే సంచి పగులుతుంది. తుమ్ములు, నీళ్లు, దురద, పిల్లికూతలు అన్నీ ఆ పగలడంలోనివే. పొడి వలన బిడ్డకు కలిగే హాని ఏమీ లేదు, కాపలా చేసే హడావుడే జబ్బు.

నాలుక కింద చోటుకు ఒక విశేషముంది. రోజూ తినే అన్నం, పప్పు, పాలు అన్నీ నోటిగుండానే పోతాయి గనుక, అక్కడి కణాలకు కొత్తదాన్ని చూసి కేకలు వేయకుండా ఓర్చుకొనే గుణం ఎక్కువ. అక్కడ రోజూ కొలతగా పుప్పొడి సారం తగిలితే, దాన్ని అందుకున్న కణాలు పక్కనున్న లింఫు గ్రంథులకు తీసికొనిపోయి, తెల్లరక్తకణాలకు చూపిస్తాయి. అక్కడ కొంతకాలానికి ఒక రకం టి కణాలు పెరుగుతాయి. వీటి పని తగవు పెంచడం కాదు, సర్దిచెప్పడం. ఇంటర్‌ల్యూకిన్ 10 వంటి పదార్థాలను వదిలి తక్కిన కణాలను చల్లబరుస్తాయి. అప్పుడు యాంటీబాడీలు తయారుచేసే కణాలు కూడ దారి మార్చి ఐజిజి4 అనే వేరొక యాంటీబాడీని చేయడం మొదలుపెడతాయి. ఈ ఐజిజి4 సంచులను పగలగొట్టదు. పుప్పొడి గాలం దాకా చేరకముందే, ఊరి పొలిమేరలోనే దాన్ని పట్టుకుంటుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. మొదటి నెలల్లో రక్తపరీక్ష చేస్తే ఐజిఇ తగ్గినట్లు కనబడదు, పెరిగినట్లు కనబడుతుంది. సంగతి తెలియని తల్లిదండ్రులు దాన్ని చూసి వైద్యం వికటించిందనుకుంటారు. ఆ పెరుగుదల సహజమే. తర్వాతి వసంతాల్లో ఐజిఇ అంతగా పైకి లేవదు, ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా దిగుతుంది. అందుకే మొదటి రక్తపరీక్ష కాగితం చూసి దీన్ని తూచకూడదు. బిడ్డ నిద్ర ఎలా ఉంది, ఎన్ని రోజులు బడి మానాడు, పీల్చే మందు ఎన్నిసార్లు కావలసి వచ్చింది, ఇవి చూడాలి.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే వైద్యుడు, తానే ఈ తుమ్ముల జబ్బుతో బాధపడుతూ, తన ముక్కు మీద, కళ్ల మీద, చర్మం మీద పుప్పొడిని పెట్టుకొని చూసి, జబ్బుకు కారణం గడ్డి పుప్పొడే అని 1873లో గ్రంథం వ్రాశాడు. ఎత్తున గాలిలో కూడ పొడి ఉందో లేదో చూడడానికి గాలిపటాలు ఎగరేశాడట. ఆపైన 1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ అనే ఆయన తిమోతి గడ్డి పుప్పొడి సారాన్ని చిన్న చిన్న మోతాదుల్లో సూదిమందుగా ఇచ్చాడు. కంట్లో ఎంత పలుచని చుక్క వేస్తే కన్ను ఎర్రబడుతుందో కొలిచి, ఇంజక్షన్ల తర్వాత అంతకంటే చిక్కని చుక్కను కూడ కన్ను ఓర్చుకుంటోందని చూపించాడు. పుప్పొడిలో విషముందని ఆయన అనుకున్నాడు. అది సరికాదు, కాని వైద్యం సరైనదే. ఆయన 1913లో క్షయతో చనిపోయాడు, పనిని ఆయన తోటివాడు జాన్ ఫ్రీమన్ కొనసాగించాడు. క్షయ వార్డులో ఎన్నో ఏళ్లు డ్యూటీ చేసినదాన్ని గనుక ఈ మాట చదివినప్పుడు నా మనసు కొంచెం ఆగింది.

సూదిమందు పద్ధతి ఇప్పటికీ ఉంది, మంచిదే. అయితే నర్సుగా ఒక మాట చెప్పాలి. పడనిదాన్నే ఒంట్లోకి ఎక్కిస్తున్నామన్నది మరువకూడదు. 1957 నుండి 1986 వరకు బ్రిటన్‌లో ఇటువంటి ఇంజక్షన్ల వలన 26 మంది మరణించారని అక్కడి మందుల భద్రతా సంఘం తేల్చింది. అప్పటినుండి, ప్రాణం మీదికి వస్తే కాపాడే సదుపాయం ఉన్న చోట తప్ప ఇవ్వకూడదని కట్టడి చేశారు. ఇంజక్షన్ తర్వాత రోగిని కనీసం అరగంట కూర్చోబెట్టాలి, చేతికందే దూరంలో ఎడ్రినలిన్ ఉండాలి. నాలుక కింద మాత్రకు ప్రమాదం చాలా తక్కువ గనుకనే మొదటిది తప్ప మిగిలినవి ఇంట్లో వేయనిస్తారు.

మన పల్లెల్లో "ఎలర్జీ ఇంజక్షన్" అనే మాటకు అర్థం వేరు. దద్దుర్లకో తుమ్ములకో అవిల్ పొడుస్తారు, లేకపోతే డెక్సామెథాసోన్. అవిల్ ఆ పూటకు దురద తగ్గించి నిద్ర పుచ్చుతుంది. రెండోది స్టెరాయిడు, మొత్తం కాపలానే అణచివేస్తుంది. డాక్టరు అవసరం చూసి ఇస్తే తప్పులేదు గాని, మాటిమాటికీ వేయిస్తే పిల్లల ఎదుగుదల దెబ్బతింటుంది. ఈ రెండిటిలో ఏదీ బిడ్డ శరీరానికి ఏమీ నేర్పదు. నేను చెబుతున్న వైద్యం అవి కాదు. మన దేశంలో కూడ ఎలర్జీ నిపుణుల దగ్గర పరీక్ష చేసి ఇచ్చే సూదిమందు వైద్యం ఉంది. కాని మెల్బోర్న్ మాత్ర తెప్పించి ఇక్కడి బిడ్డకు వేస్తామంటే కుదరదు. ఇక్కడ పిల్లికూతలకు పరుపుల్లోని దుమ్ముపురుగులో, బొద్దింకలో, బూజో కారణం కావచ్చు. గడ్డే అయినా, మన గరిక పుప్పొడికి, చలిదేశాల రై గడ్డి పుప్పొడికి తేడా ఉంది. ఏది పడదో తేలనిదే ఏది నేర్పాలో తెలియదు. అంతవరకు డాక్టరు పీల్చే మందు వ్రాస్తే, అలవాటైపోతుందని భయపడి మానిపించకండి. మా మనవడు ఈ మాత్ర వేసుకున్న రోజుల్లో కూడ అది మానలేదు.

2022 వసంతం వాడికి కొంచెం తేలికగా పోయింది. 2023లో ఇంకా తేలిక. క్రికెట్ ఆడాడు, రాత్రిళ్లు నిద్రపోయాడు. 2024 మే నెలలో మా అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, వాడు బాగానే ఉన్నాడు కదా, మూడో ఏడు అవసరమా? మాత్రల ఖర్చంతా మాదే, ఇంటి అప్పు వాయిదాలు పెరిగాయి" అన్నాడు. అతను పిసినారి కాడు. రాత్రి షిఫ్టులు చేసి ఇల్లు నడుపుతున్న మనిషి. అతని మాటలో న్యాయముంది. బాగున్న బిడ్డకు మందెందుకని ఏ తండ్రయినా అడుగుతాడు. క్షయ మందులు రెండు నెలలు మింగి, దగ్గు తగ్గగానే మానేసినవాళ్లను నేను ఎంతమందిని చూశానో.

వాళ్ల డాక్టరు చెప్పింది కూడ ఇదే దారిలో ఉంది. లండన్‌లో 106 మంది పెద్దవాళ్లకు రెండేళ్లు గడ్డి వైద్యం చేసి ఆపి చూశారు. కొందరికి సూదిమందు, కొందరికి మాత్ర, కొందరికి ఉత్తుత్తి మందు. వైద్యం జరుగుతున్నంతకాలం గుణం కనిపించింది. ఆపిన ఏడాదికి చూస్తే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా నిలవలేదు. 2017లో వెలువడిన సంగతి ఇది. అంతకుముందు 1999లో వచ్చిన మరో పరిశోధనలో, మూడు నాలుగేళ్లు పూర్తిగా సూదిమందు తీసుకున్నవారికి ఆపిన మూడేళ్ల తర్వాత కూడ గుణం నిలిచింది. రెండేళ్లకు శరీరం పాఠం విన్నట్టే ఉంటుంది, కాని కంఠతా రాదన్నమాట. నేను అల్లుడితో, "బాబూ, ఇప్పుడు ఆపితే మీరు పెట్టిన రెండేళ్ల డబ్బు కూడ పోతుందేమో చూడు" అని మాత్రం అన్నాను. అతను రెండు రోజులు ఆలోచించుకొని మాత్రలు కొన్నాడు. అమ్మాయి ఆ ఏడు ఇండియా ప్రయాణం మానుకుంది.

మూడో ఏడు పూర్తయింది. తుమ్ములు పూర్తిగా పోయాయని చెప్పను. 2024 నవంబరులో లెక్క 100 దాటిన రోజుల్లో కళ్లు ఎర్రబడ్డాయి. నీలం పంపు ఇప్పటికీ బడి సంచిలో ఉంటుంది, గాలివాన హెచ్చరిక వస్తే కిటికీలు మూసి ఇంట్లోనే ఉంటారు.

ఇప్పుడు ప్రశ్న వాడిది కాదు, చెల్లెలిది. దానికి ఆరేళ్లు. 2024 నుండి అదీ కళ్లు నలుపుకుంటోంది. పిల్లికూతలు లేవు. 2025 జూన్‌లో పరీక్ష చేస్తే చేతి మీద రై గడ్డి చుక్క దగ్గర కందిగింజంత దద్దురు లేచింది. "ఉబ్బసం రాకముందే మొదలుపెడితే రాకుండా ఆగుతుందా అమ్మా?" అని మా అమ్మాయి అడిగింది.

సూటిగా అవునని చెప్పే వీలు లేదు. యూరప్‌లో 2002లో వెలువడిన ఒక పరిశోధనలో, పుప్పొడి తుమ్ములుండి ఉబ్బసం లేని పిల్లల్లో కొందరికి మూడేళ్లు సూదిమందు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఇచ్చిన 79 మందిలో 19 మందికి ఉబ్బసం వచ్చింది. ఇవ్వని 72 మందిలో 32 మందికి వచ్చింది. పదేళ్ల తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది. కాని ఎవరికి మందు ఇస్తున్నారో అందరికీ తెలిసే జరిగిన పరీక్ష అది. 2018లో వెలువడిన మరో పెద్ద పరీక్షలో 11 యూరప్ దేశాల నుండి అయిదు నుండి పన్నెండేళ్ల పిల్లలు 812 మంది ఉన్నారు. నాలుక కింద గడ్డి మాత్ర మూడేళ్లు, తర్వాత రెండేళ్లు పరిశీలన, అదీ ఎవరికి అసలు మాత్రో తెలియకుండా. ఊపిరితిత్తుల పరీక్షతో కచ్చితంగా నిర్ధారించిన ఉబ్బసం లెక్కలో రెండు జట్లకూ తేడా రాలేదు. అయితే పిల్లికూతలు, ఉబ్బసం మందుల వాడకం అసలు మాత్ర వేసుకున్న పిల్లల్లో తక్కువ, ఆపిన రెండేళ్లకు కూడ తక్కువే. గడ్డి ఐజిఇ, చర్మం మీద దద్దురు కూడ తగ్గాయి. నాకైతే ఈ రెండో పరీక్షే ఎక్కువ నమ్మకం. అది తక్కువ వాగ్దానం చేస్తుంది, చేసినంత మేరకు నిలబడుతుంది.

ఈ లెక్కలన్నీ అమ్మాయికి ఫోన్‌లో చెప్పాను, అల్లుడు స్పీకర్ పెట్టి విన్నాడు. ఈసారి ఖర్చు మాట అతను ఎత్తలేదు. మూడేళ్లూ ఆపకుండా వేయగలమా అని మాత్రం అమ్మాయిని అడిగాడు. జూలై మొదటివారంలో డాక్టరు దగ్గర మొదటి మాత్ర వేయించారు. అన్న పక్కన కూర్చొని, మాత్ర కరిగేదాకా నాలుక ఎలా కదలకుండా పట్టుకోవాలో చెల్లెలికి చూపించాడట. చీమల సంగతి కూడ వాడే ముందుగా చెప్పాడట.